బీఎస్సీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఒక్కటే మిగిలింది, ఇంటి పనుల మధ్య ఎట్లా చదవాలి?

పరకాల కోడలు:
నమస్తే అందరికీ. మాది పరకాల దగ్గర ఊరు. కాకతీయ యూనివర్సిటీ కింద బీఎస్సీ చదివాను. అన్నీ పాసయ్యాను కానీ రెండో సెమిస్టర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఉండిపోయింది. ఆ ఒక్క పేపర్ వల్ల డిగ్రీ చేతికి రాలేదు, బీఈడీ చేయాలన్న కోరిక అట్లనే ఉంది. ఈసారి ఎట్లాగైనా గట్టెక్కాలి.

ఇప్పుడు యాసంగి వడ్ల టైం. కాంటా అయ్యేదాకా మా ఆయన వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గరే ఉంటున్నారు, మబ్బు పట్టిందంటే రాత్రి కూడా కుప్ప మీద టార్పాలిన్ కప్పాలి. సద్ది కట్టి అక్కడికే పంపాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. బాబుకు మూడేళ్లు, వాడు పడుకున్నాక పుస్తకం తీస్తే నాకే కళ్లు మూతలు పడుతున్నాయి. అన్నం ఉడికేలోపు కాసేపు, మధ్యాహ్నం వాడు నిద్రపోతే కాసేపు, అంతే దొరుకుతోంది.

ఎగ్జాక్ట్ ఈక్వేషన్లు చేతికొచ్చాయి. ఎం డీఎక్స్ + ఎన్ డీవై = 0 అని ఉంటే, ఎంను వైతో, ఎన్‌ను ఎక్స్‌తో పార్షియల్ డెరివేటివ్ చేస్తే రెండూ సమానం కావాలి, అక్కడిదాకా భయం లేదు. పర్టిక్యులర్ ఇంటిగ్రల్‌లో, అంటే కుడివైపు ఉన్నదాని వల్ల వచ్చే జవాబు దగ్గర ఆగిపోతున్నాను. కుడివైపు ఈ-పవర్-ఎక్స్ ఉండి, డి (అంటే డీ బై డీఎక్స్) బదులు 1 వేస్తే కింద సున్నా వస్తుంది కదా, అక్కడ.

ఇంట్లో ఎవరూ చదవొద్దు అనరు. కానీ పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఖాళీగా ఉన్నానని పిలుస్తారు. అదే నాకు బాధ.

జగిత్యాల అక్క:
చెల్లీ, నేనూ పెళ్లయినాకనే ఎమ్మెస్సీ రాశాను. మా ఇంట్లో బీడీల పని, చాట ఒళ్లో పెట్టుకుంటే లేవడానికి ఉండదు. అందుకే చెబుతున్నా, పొయ్యి దగ్గర దొరికే టైంలో కొత్త పాఠం మొదలుపెట్టకు. తెలిసిన పద్ధతిలో లెక్క చెయ్యి. మధ్యలో లేవాల్సి వస్తే, తర్వాత చేయాల్సిన పని ఏంటో పక్కన పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి లే. ‘ఇక్కడ రూట్స్ తీయాలి’ అంటే చాలు. తిరిగొచ్చాక లెక్క మొదటి నుంచి చూసుకోనక్కర్లేదు. నాకు బాగా అక్కరకొచ్చింది ఇదే.

కొత్తది చదవడానికి మాత్రం కదలకుండా ఒక గంట కావాలి. ‘చదువుకుంటా’ అంటే అత్తమ్మకు ఎప్పుడని తెలుస్తుంది? ‘మూడింటి నుంచి నాలుగింటి దాకా బాబును చూడు అత్తమ్మా, ఫలానా తారీఖు నాకు పరీక్ష’ అని చెప్పు. టైంటేబుల్ వచ్చాక క్యాలెండర్ మీద ఆ తారీఖు చుట్టూ గీత గీసి చూపించు. పెద్దవాళ్లు తారీఖును పట్టించుకుంటారు.

కరీంనగర్ లెక్చరర్:
అమ్మా, మీరు ఆగిన చోటే చాలామంది ఆగుతారు. ఒక లెక్క చూద్దాం. ఎడమవైపు డి స్క్వేర్ − 3డి + 2, కుడివైపు ఈ-పవర్-ఎక్స్. రూట్స్ 1, 2. అంటే ఈ-పవర్-ఎక్స్ అప్పటికే కాంప్లిమెంటరీ ఫంక్షన్‌లో, అంటే కుడివైపు సున్నా ఉంటే వచ్చే జవాబులో ఉంది. దాన్ని ఎడమవైపు వేస్తే సున్నాయే వస్తుంది, ఇక కుడివైపు ఎట్లా తెస్తుంది? అందుకే ఎక్స్‌తో గుణిస్తాం, కిందిదాన్ని డితో డెరివేటివ్ చేస్తాం. 2డి − 3 వస్తుంది. డి బదులు 1 వేస్తే −1. జవాబు మైనస్ ఎక్స్ ఇంటూ ఈ-పవర్-ఎక్స్. కారణం తెలిస్తే సూత్రం బట్టీ పట్టే పని ఉండదు.

ఇంకోటి. ఈ పేపర్‌లో మార్కులు పోయేది ఎక్కువగా ఇంటిగ్రేషన్ రాకనే. ఇంటర్ సెకండియర్ 2బి పుస్తకం ఇంట్లో ఉంటే తీయండి. పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, ఈ రెండూ బాగా చేయండి. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ లెక్కలు వాటంతట అవే తేలికవుతాయి.

పరకాల కోడలు:
సార్, ఇన్నాళ్లూ ఎక్స్ ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు. డి − 1 హోల్ స్క్వేర్, కుడివైపు ఈ-పవర్-ఎక్స్ చేసి చూశాను. ఒకసారి డెరివేటివ్ చేసినా సున్నాయే వచ్చింది. మళ్లీ చేస్తే కింద 2 మిగిలింది. జవాబు ఎక్స్ స్క్వేర్ బై 2 ఇంటూ ఈ-పవర్-ఎక్స్. సరేనా? అక్కా, మూడింటి మాట అత్తమ్మతో అన్నాను. ‘టీవీ పెట్టుకుంటే వాడు నా దగ్గరే ఉంటాడు’ అన్నది.

కరీంనగర్ లెక్చరర్:
సరిగ్గా ఉంది. 1 రెండుసార్లు రూట్ కాబట్టి ఎక్స్ కూడా రెండుసార్లు. ఇక వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్ పద్ధతికి రండి. డి స్క్వేర్ + 1, కుడివైపు సెక్ ఎక్స్. కాస్, సైన్ తీసుకుంటే రాన్‌స్కియన్ (ఆ రెండూ, వాటి డెరివేటివ్‌లతో వేసే డిటర్మినెంట్) 1 వస్తుంది, లెక్క సాఫీగా పోతుంది. చేసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.