తమ్ముడి పైదవడలో కెరటోసిస్ట్ అనే తిత్తి, సైనస్ నిండిపోయిందట. గొట్టం పెట్టి నెలలు ఆగమంటున్నారు!

ఖమ్మం_అక్క:
తమ్ముడికి కుడి బుగ్గ కొంచెం ఉబ్బి, ముక్కు ఒకవైపే దిబ్బడ వేసేది. సైనస్ అనుకుని చుక్కల మందులూ యాంటీబయాటిక్సూ వాడాం. తీరా సీబీసీటీ (దవడల 3డి స్కాన్) తీస్తే మొలవని జ్ఞానదంతం చుట్టూ తిత్తి, కుడి సైనస్ (బుగ్గ ఎముకలో ఉండే గాలి గది) దాదాపు నిండింది. బయాప్సీలో ‘ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్’. ఇప్పుడే తీయరట, చిన్న కిటికీ చేసి గొట్టం పెడతారట, రోజూ సెలైన్‌తో కడుక్కోవాలట. "గడ్డని నోట్లో పెట్టుకుని కూర్చోమంటాడేంటి?" అని నాన్న ఒకటే గోల. ఇది క్యాన్సరా?

ఓరల్_సర్జన్:
కాదమ్మా. 2005లో డబ్ల్యూహెచ్‌ఓ దీన్ని ట్యూమర్లలో పెట్టి, 2017లో మళ్లీ తిత్తుల్లోకి తెచ్చింది. నెట్‌లో ట్యూమర్ అని కనబడితే హడలిపోకండి. కాకపోతే మొండిది. గోడ ఉల్లిపొరలా చిరుగుతుంది, కాస్త మిగిలినా మళ్లీ వస్తుంది. చుట్టూ పిల్ల తిత్తులు కూడా ఉండొచ్చు. సైనస్ బోలుగా ఉంటుంది కాబట్టి అక్కడ చాలా పెరిగాక గానీ బయటపడదు.

గొట్టంతో లోపలి ఒత్తిడి తగ్గితే తిత్తి కుంచించుకుపోతుంది, ఎముక పడుతుంది, గోడ మందమవుతుంది. కంటిగుంత అడుగుకి దూరం పెరుగుతుంది. అప్పుడు తీసి, చుట్టూ ఎముకని బర్‌తో (తిరిగే చిన్న డ్రిల్ ముక్కతో) అరగదీయడం మేలు. కార్నాయ్ ద్రావణం (మిగిలిన తిత్తి కణాల్ని చంపే రసాయనం) వాడతారా అని అడగండి. సైనస్ పొర, కన్ను దగ్గర్లో ఉంటే నేనైతే వెనకాడతాను. ఇంకో తిత్తి ఎక్కడైనా కనబడినా, అరచేతుల్లో చిన్న చిన్న గుంటలున్నా గోర్లిన్ సిండ్రోమ్ (ఇలాంటి తిత్తులు పదేపదే వచ్చే జన్యు సమస్య) కోసం పరీక్ష చేయించాలి.

గుంటూరు_కుర్రోడు:
గొట్టం పెట్టించుకున్నోణ్ణే అక్కా. నొప్పికంటే విసుగు ఎక్కువ. సూది తీసేసిన సిరంజీతో ప్రతి భోజనం తర్వాతా కడగాలి. బద్ధకించి పడుకుంటే తెల్లారేసరికి కంపు, పక్కన ఎవరూ కూర్చోరు. పచ్చళ్లు మండుతాయి, పెరుగన్నమే గతి. గొట్టం ఊడితే తోసుకోవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లాలి. అసలు ఆపరేషన్ అయ్యాక ముక్కు గట్టిగా చీదనివ్వలేదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమన్నారు. లేకపోతే నోటికీ సైనస్‌కీ మధ్య కుట్లు తెగుతాయట.

ఖమ్మం_అక్క:
నాన్నకి చదివి వినిపించాను. అరచేతులు చూశాం, గుంటల్లేవు. తీసేశాక స్కాన్‌లు ఎన్నేళ్లు తీయించాలి సార్? వీడు దుబాయ్ వెళ్తానంటున్నాడు.

ఓరల్_సర్జన్:
ఎక్కువగా మొదటి 5 ఏళ్లలోనే తిరగబెడుతుంది, పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. మొదట్లో ఏటా తీయించండి, తర్వాత మీ డాక్టర్ చెప్పినట్టు. దుబాయ్ వెళ్లొచ్చు, పాత స్కాన్‌ల సీడీలు, బయాప్సీ రిపోర్టు వెంట పట్టుకెళ్లమనండి. గొట్టం ఉన్నన్నాళ్లు మాత్రం ఇక్కడే ఉంచండి.