పెరట్లో సరదా కోసం లోతు గొయ్యి తవ్వడం: మానాలా, కొనసాగించాలా?

మెట్ట_గునపం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ద్వారకా తిరుమల దగ్గర ఒక ఊరు. రెండేళ్లుగా ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. సంక్రాంతి తర్వాత కొబ్బరి మొక్క పెడదామని పెరట్లో గునపం పట్టాను. మొక్క నాటేశాక కూడా చెయ్యి ఆగలేదు. పక్కనే ఇంకో గొయ్యి మొదలుపెట్టి, మూడు నెలలుగా రోజూ సాయంత్రం గంటన్నర తవ్వుతున్నాను. ఇప్పుడది 4 అడుగుల చదరం, 11 అడుగుల లోతు.

నీళ్ల కోసం కాదు. దేనికని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. అడుగున నిలబడితే మండుటెండలోనూ చల్లగా ఉంటుంది. 3 అడుగుల దగ్గర ఎర్రమన్ను రంగు మారింది, 7 దగ్గర గరప తగిలింది. రోజంతా స్క్రీన్ చూసిన కళ్లకు ఆ పొరలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. గోడలు కత్తితో కోసిన జున్నులా నిటారుగా నిలబడ్డాయి. జాగ్రత్త కోసం అడ్డంగా నాలుగు సరుగుడు కర్రలు బిగించాను.

20 అడుగులదాకా వెళ్లాలని ఉంది. నాన్నగారు వద్దంటున్నారు. నేను లోపల ఉన్నంతసేపూ మా ఆవిడ టెన్షన్‌తో గట్టు మీదే కూర్చుంటోంది. ఇది నిజంగా చేయకూడని పనా? లేక సరిగ్గా చేస్తే చేయొచ్చా?

సైట్‌లో_22ఏళ్లు

బాబూ, ఈ చర్చ తేలేదాకా దయచేసి లోపలికి దిగకండి. నేను సివిల్ ఇంజినీరుని. పైపులైన్ల కోసం, సెల్లార్ల కోసం ఎన్నో గోతులు తవ్వించాను.

ఒక ఘనపుటడుగు మన్ను 45 నుంచి 50 కిలోలు ఉంటుంది. మీరు ఇప్పటికి 176 ఘనపుటడుగులు, అంటే 8 టన్నుల పైచిలుకు తీశారు. గోడలోంచి ఒక గడప సైజు పెళ్ల ఊడి పడినా మనిషి కదలలేడు. మన్ను ఛాతీ దాకా వస్తే చాలు, తల బయటే ఉన్నా ఊపిరాడదు. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీ తగ్గిన మేర మన్ను సర్దుకుంటుంది, మళ్లీ పీల్చడానికి చోటివ్వదు.

తవ్వకాల భద్రత మీద మన దేశంలో ఐఎస్ 3764 అనే ప్రమాణం ఉంది. మామూలు నేలలో 1.5 మీటర్లు, అంటే 5 అడుగులు దాటితే పక్కలకు షోరింగ్, అంటే గోడ కూలకుండా దన్ను, పెట్టమంటుంది. అమెరికాలోనూ గట్టి రాయి కాకపోతే హద్దు ఆ 5 అడుగులే. మీరు దానికి రెట్టింపు దాటారు.

ఇక ఆ జున్ను సంగతి. ఎర్రమన్నులో ఉన్న కొద్దిపాటి తేమే రేణువులను పట్టి ఉంచుతుంది. గొయ్యి తెరిచి ఉంచితే ఎండకి ఆ తేమ ఆరుతుంది, నెర్రెలు వస్తాయి. వాన పడితే మన్ను బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది. కాబట్టి మూడు నెలలు నిలబడింది కదా అని ధైర్యం తెచ్చుకోకండి. ఆ మూడు నెలల్లో గోడ బలం పెరగలేదు, తరిగింది. నాలుగు కర్రలు తాము తగిలిన నాలుగు చోట్లే ఆపుతాయి. వాటి వెనక నిలువు పలకలు, పలకలను కలుపుతూ అడ్డబద్దలు, ఆ బద్దల మధ్య జాకీలు ఉంటేనే అది షోరింగ్.

రెండు విషయాలు చెప్పండి. తీసిన మన్ను ఎక్కడ పోశారు? ఇంటి గోడ ఎంత దూరం?

పలుగూపారా

అన్నా, మీ ఇష్టం నాకు అర్థమైంది. నేను కూడా తవ్వుతాను, మా చేను గట్టున. ఒక్కసారిగా ఆపమనడం నాకు నచ్చలేదు.

లోకంలో మనమే మొదటివాళ్లం కాదు. అమెరికాలో హారిసన్ డయర్ అని దోమల మీద పరిశోధన చేసిన పెద్ద కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. 1906లో భార్య పూలమొక్కల కోసం తవ్వడం మొదలుపెట్టి, ఆ ఇష్టంతోనే వాషింగ్టన్‌లో తన ఇళ్ల కింద ఏళ్లతరబడి సొరంగాలు తవ్వాడు. ఎందుకంటే వ్యాయామం కోసం అన్నాడు. సూపర్ కంప్యూటర్లు కట్టిన సేమూర్ క్రే కూడా తన ఇంటి కింద సొరంగం తవ్వుకునేవాడు. మన పక్కనే కర్ణాటకలోని సిర్సీలో ఒక మహిళ తోట నీళ్ల కోసం ఒక్కతే 60 అడుగుల బావి తవ్వింది.

కొండలెక్కేవాళ్లనీ సముద్రంలో ఈదేవాళ్లనీ సాహసవంతులంటాం. తన నేలలో తాను కిందికి దిగేవాడికి పిచ్చి అంటాం. ఉపయోగం ఉంటేనే పని చేయాలా? ఎవరి ప్రాణం వాళ్లది.

సైట్‌లో_22ఏళ్లు

డయర్ పేరు తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. ఆయన తన సొరంగాలకు ఇటుక గోడలు కట్టుకుంటూ వెళ్లాడు. క్రే దేవదారు దుంగలు వరసగా పేర్చాడు. ఇద్దరూ మన్నును దాని మానాన వదిలేయలేదు. పైగా డయర్ సొరంగం సంగతి 1924లో ఎలా బయటపడిందో తెలుసా? పైన వెళ్తున్న ట్రక్కు నేలలోకి కుంగింది. అప్పటికి ఆయన ఆ ఇంట్లో కూడా లేడు. తన ఇంటి కింద తాను తవ్వుకున్నది ముక్కూమొహం తెలియని డ్రైవరు కిందికి వచ్చింది.

సరదా గోతుల లెక్క కూడా ఒకటి ఉంది. బీచ్ ఇసుకలో ఆటకి తవ్విన గోతులు కూలిన 52 ఘటనలను కొందరు వైద్యులు పదేళ్లపాటు పోగుచేసి, 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వాటిలో 31 మంది పోయారు. తవ్వింది బతుకుతెరువు కోసమా, సంతోషం కోసమా అన్నది మన్నుకు తెలియదు.

మెట్ట_గునపం

మన్ను గొయ్యి చుట్టూ గట్టులా పోశాను, అంచు నుంచి అడుగు దూరంలో. వంటింటి గోడ 9 అడుగుల దూరం, ఇల్లు పాత పెంకుటిల్లు.

సైట్‌లో_22ఏళ్లు

9 అడుగుల దూరంలో 11 అడుగుల లోతు! పాత పెంకుటిల్లు అంటున్నారు, పునాది రెండు మూడు అడుగులు మించి ఉండదు. గొయ్యి జారితే గోడ అడుగుభాగం నుంచి పైకి ఏటవాలుగా జారుతుంది. ఆ జారుడులో వంటిల్లు కూడా పడుతుంది. మన్ను కుప్పను ముందు పైనుంచే వెనక్కి లాగించండి. కనీసం 2 అడుగులు వదలాలన్నది అమెరికా నిబంధన. ఇంత లోతుకి నేనైతే 5 అడుగులు వదిలిస్తాను.

బావుల_ఇంటి_ఆడపిల్ల

అన్నయ్యా, మా నాన్న ముప్పై ఏళ్లు బావులు తవ్వాడు, పూడిక తీశాడు. మాది కోనసీమ, పది పన్నెండు అడుగులకే నీళ్లూ ఇసుకా వచ్చే నేల. అక్కడ వరలు లేకుండా ఎవరూ తవ్వరు. నాన్న ఎలా చేసేవాడో చెప్తాను, మీకు పనికొస్తుంది.

మొదటి సిమెంటు వరను నేల మీద సమంగా పెడతారు. మనిషి దాని లోపలికి దిగి, వర అంచు కింద చుట్టూ కొంచెం కొంచెంగా తవ్వుతాడు. వర తన బరువుకి తానే దిగుతుంది. అది నేలమట్టానికి వచ్చాక దాని మీద ఇంకో వర. అలా ఎంత లోతుకెళ్లినా మనిషి చుట్టూ గోడ ఉండనే ఉంటుంది. ముందు గొయ్యి తీసి తర్వాత దన్ను పెట్టడం కాదు, దన్ను లోపల ఉండే తవ్వడం. ఒక పక్క ఎక్కువ తవ్వితే వర వంగి బిగుసుకుపోతుంది, అందుకని నాన్న అడుగడుక్కీ తూకం దారం వేసి చూసేవాడు. గుండ్రంగా ఉంటే మన్ను నాలుగు పక్కల నుంచీ సమంగా నొక్కుతుంది. మీ చదరం గొయ్యిలో ప్రతి గోడ నడుమా లోపలికి ఉబ్బుతుంది.

పైన మనిషి లేకుండా నాన్న ఒక్కరోజు కూడా దిగలేదు. పైమనిషి పని తట్ట లాగడం ఒక్కటే కాదు. గోడ మీద, తాడు మీద, కింద ఉన్నవాడి గొంతు మీద ధ్యాస పెట్టి ఉండాలి. పొద్దున్నే దిగేముందు తాడుకి వేపమండలు కట్టి అడుగుదాకా పైకీ కిందికీ ఆడించేవారు, గాలి కదలాలని.

నా చిన్నప్పుడు ఒక పాత నూతిలో పూడిక తీయడానికి నాన్నతో పనిచేసే ఒకాయన దిగాడు. పిలిస్తే పలకలేదు. ఆయన తమ్ముడు తాడు కూడా కట్టుకోకుండా దిగాడు. అతనూ పలకలేదు. నాన్న దిగబోతే మా అమ్మ నడుం పట్టుకుని వదల్లేదు. ఆ ఇద్దరూ రాలేదు.

పలుగూపారా గారూ, ఎవరి ప్రాణం వాళ్లది అన్నారు. గోతిలో అలా జరగదండి. ఒకరు పడితే అయినవాళ్లు చూస్తూ ఊరుకోరు. ఈ అన్నయ్యకి ఏమైనా అయితే మొదట దిగేది గట్టు మీద కూర్చున్న ఆ వదినే.

ఫైర్‌స్టేషన్_విశ్రాంతి

ఆ చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నా సర్వీసులో ఇలాంటివి చూశాను.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే ఆ చోటికి మనిషిని పంపకూడదు. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, గుంటల్లో కూర్చుంటుంది. దీపం దించి చూస్తే చాలనుకుంటారు. దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే. కానీ దీపం వెలుగుతున్నా విషవాయువు ఉండొచ్చు. డీజిల్ ఇంజను గోతిలో గానీ అంచున గానీ నడపకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఎవరైనా పడిపోతే దిగకుండా 101కి ఫోన్ చేయండి. మనిషి ఒంటికి ముందే పట్టీ, తాడు ఉంటే పైనుంచే లాగొచ్చు.

చినుకు

ఇంత కష్టపడి తీశారు, గులకరాళ్లు పోసి ఇంకుడు గుంత చేసేయండి. ఊరికీ మేలు.

సైట్‌లో_22ఏళ్లు

వద్దండి. వంటింటి పునాదికి 9 అడుగుల్లో నీరు ఇంకిస్తే గోడ నెర్రెలిస్తుంది.

పలుగూపారా

బావుల ఇంటి చెల్లె మాట రాత్రంతా మనసులో తిరిగింది. ప్రాణం ఎవరిది వాళ్లదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా చేను గట్టున నేనూ ఇన్నాళ్లు ఒక్కణ్నే తవ్వాను. ఇక తవ్వను.

కానీ ఒక మాట మీద నిలబడతాను. ఈ అన్నను మానేయమనకండి. గునపం దెబ్బకి గరప విడిపోయే చప్పుడు, కొత్త పొర వాసన, ఇవి తెలిసినవాడికి జిమ్ములో బరువులు ఎత్తమంటే తృప్తి ఉండదు. భయపెట్టి మాన్పిస్తే దొంగచాటుగా ఒంటరిగా తవ్వుతాడు, అది ఇంకా ప్రమాదం. ఎలా తవ్వాలో నేర్పండి.

సైట్‌లో_22ఏళ్లు

మీరన్న చివరి మాట ఒప్పుకుంటున్నాను. అయినా 20 అడుగులు సరదాకి ఎక్కువ అనే నా అభిప్రాయం. 5 అడుగుల లోపు ఎంత వెడల్పైనా తవ్వుకోవచ్చు, మెట్లు మెట్లుగా వెడల్పు చేసుకుంటూ పోవచ్చు. నిలువుగా లోతుకే పోవాలంటే వరలు, పైమనిషి, తాడు ఉండాలి. నీరు తగిలితే అది బావి కిందికే వస్తుంది, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వర్తిస్తుంది. ఊరి తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి కూడదు. ముందే పంచాయతీలో అడగండి.

మెట్ట_గునపం

అందరి జవాబులూ మా ఆవిడకి చదివి వినిపించాను. తమ్ముడి సంగతి దగ్గరకొచ్చేసరికి ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ గట్టు మీద కూర్చుని ఆమె ఏం ఆలోచించిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఈ గొయ్యి పూడ్చేస్తున్నాను. కుప్పను నిన్నే వెనక్కి లాగించాం. కొత్తది తవ్వాలా లేదా అన్నది వానాకాలం వెళ్లాక నాన్నగారితో, ఆమెతో కూర్చుని మాట్లాడుకుంటాం. తవ్వితే ఇంటికి దూరంగా, చింతచెట్టు అవతల, వరలతోనే. రేపు పొద్దున్న దిగి ఆ సరుగుడు కర్రలు విప్పేసి, పూడ్చడం మొదలుపెడతాను.

బావుల_ఇంటి_ఆడపిల్ల

దిగొద్దు అన్నయ్యా! కర్రలు విప్పేటప్పుడే గోడ కదులుతుంది. వాటిని అలాగే వదిలేసి పైనుంచే మన్ను పోయండి. కుంగితే వానలయ్యాక మళ్లీ పోసుకోవచ్చు. నాలుగు కర్రల కోసం దిగొద్దు.

మెట్ట_గునపం

దిగనమ్మా. కర్రలు అందులోనే ఉంచేస్తాను.