శైవలమా, శైవాలమా?

కావలి అమ్మాయి: రాత్రి నుంచి కాళిదాసు పాదం ఒకటి నోట్లో ఆడుతోంది. "సరసిజమనువిద్ధం శైవాలేనాపి రమ్యం", శైవలం చుట్టుకున్నా తామర అందమేనని. 'వా' దగ్గర నాలిక తడబడుతోంది. దీర్ఘమేనా? ఇంకోటి. వానలకి మా బావి గట్టున, నీడవైపు, రూపాయి బిళ్ళంత పచ్చటి బిళ్ళలు మట్టికి అతుక్కుని లేచాయి. ప్రతి పాయా చివర రెండుగా చీలి, మధ్యలో సన్నటి గాడి. శైవలమంటే ఇదేనా?

మూలాపేట: హ్రస్వమే. మాలిని వృత్తం కదమ్మా, గణాలు న-న-మ-య-య. 'శై'తో మగణం (మూడు గురువులు) అయిపోయింది, ఆ వెంటనే యగణం మొదటి అక్షరంగా లఘువు పడాలి. సాగదీస్తే యగణం చెడింది.

కందుకూరు: అమరకోశం నిఘంటువులో శైవాలం, శైవలం రెండూ ఉన్నాయి.

మూలాపేట: ఉన్నాయి. ఈ పాదంలో దీర్ఘానికి చోటు లేదు.

ఆత్మకూరు (బాటనీ): గట్టున ఉన్నది రిక్సియా లాగుంది, లివర్‌వర్ట్ అనే పూలు పూయని చిన్న మొక్కల్లో ఒకటి. శైవలాలని మేం ఆల్గేకి వాడతాం, అది వేరే గుంపు. తామరకీ దీనికీ తేడా పువ్వొక్కటే కాదు. మనకు కనిపించే తామరలో క్రోమోజోములు రెండు సెట్లు, మొత్తం 16. లివర్‌వర్ట్ పచ్చబిళ్ళకి ఒక్క సెట్టే. మార్కాన్షియా అనే ఇంకో లివర్‌వర్ట్‌కైతే 9. వేరు లేదు, నీళ్ళు మోసే నాళాలు లేవు. మగకణం ఆడకణాన్ని చేరాలన్నా పలచటి నీటిపొర ఉండాల్సిందే.

కందుకూరు: మరి తెలుగు పేరేంటి సార్? మా అమ్మమ్మకి నీళ్ళలో తేలేది నాచు, రాతికి పట్టేది పాసి. పచ్చ, పాచి ఒకే ధాతువు, తమిళంలోనూ పాశి అంటారు. పాసిపని, పాసిమొహం అందులోంచే వచ్చాయి.

మూలాపేట: పాసిమొహంలో పచ్చదనం ఎక్కడుందయ్యా? అక్కడ కడగనిదని అర్థం. నేనొప్పుకోను. ఈ శ్లోకం తిక్కనగారి చేతిలో పడుంటే శైవలమనే మాట ఉంచేవారా? నాచనే అనేవారు. విరాటపర్వం తెరవండి, వంటశాలలో ద్రౌపది భీముడితో చెప్పుకునే గోడులో ఎంత తెలుగుందో! నేను ఏటా ఒకసారి చదువుతాను, ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఆత్మకూరు: నీళ్ళలో తేలే రిక్సియా కూడా ఉందండీ. కవి చూసింది అదే ఎందుకు కాకూడదు?

కందుకూరు: అప్పుడది నాచవుతుంది, గట్టున ఉంటే పాసి. మొక్క ఒకటే జాతి, పేర్లు రెండు!

కావలి అమ్మాయి: మళ్ళీ బావి దగ్గరికెళ్ళా. ఒక బిళ్ళని గోటితో లేపితే అడుగున తెల్లటి సన్న దారాలు, మట్టిని పట్టుకుని. నాయనమ్మ చూసి "పాసే, జారతావు, ఇవతలికి రా" అంది. మూలాపేట మాస్టారూ, ద్రౌపది గోడు ఏ పద్యంతో మొదలవుతుందో చెప్పండి, ఈ రాత్రికి చదువుతాను.