సాంబారు గుండిగల తరలింపునకు ఎటువంటి బండి మేలు?

ప్రశ్న:
తిరుపతిలో రోగుల సహాయకులకు మధ్యాహ్న భోజనం పెట్టే చిన్న సేవాబృందం మాది. వంటశాల నుంచి వడ్డన చోటుకు 50 లీటర్ల సాంబారు గుండిగను ఇద్దరు చెరోవైపు పట్టుకొని మోస్తున్నారు. గత నెలలో మెట్టు తప్పి ఒక కుర్రవాడి పాదం కాలింది. పైగా చివరి బంతికి అన్నం చల్లారిపోతోంది. తక్కువ ఖర్చులో ఏమి చేయించుకోవచ్చునో తెలుపగలరు.

జవాబు 1:
అయ్యా, అంత సాంబారు బరువే సుమారు 50 కిలోలు, గుండిగ బరువు అదనం. కనుక ముందు మోతను మాన్పించండి. ఎత్తు తక్కువగా ఉండే స్టీలు బండి చేయించి, గుండిగ అడుగు కదలకుండా కూర్చునేలా దానిపై ఒక వలయాన్ని వెల్డింగ్ చేయించండి. చక్రాలు పెద్ద రబ్బరువై, రెండింటికి బ్రేకులుండాలి. చిన్న ప్లాస్టిక్ చక్రాలు గచ్చు పగుళ్లలో ఇరుక్కుంటాయి (మేము అనుభవించాము). మెట్టు దగ్గర, అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన వాలుదారి కట్టించండి.

జవాబు 2:
వేడి విషయానికి వస్తే, వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కన్నా చల్లబడితే క్రిములు పెరగడానికి వీలు కలుగుతుంది. ఫోము పొర ఉన్న పెట్టెలో ముందుగా మరిగిన నీళ్లు పోసి, పది నిమిషాల తర్వాత పారబోసి, అన్నం నింపండి. మూత తెరిచి వదిలేస్తే ఎంత ఖరీదైన పెట్టె అయినా దండగే.

ప్రశ్న అడిగినవారు:
మా మెట్టు ఎత్తు 6 అంగుళాలే, కాబట్టి 6 అడుగుల వాలు చాలుతుంది. బండి కొలతలకు రేపే గుండిగ అడుగు కొలుస్తాను.