వరిగడ్డి, కొబ్బరి పీచు, సుబాబుల్: లిగ్నిన్ లెక్క తేలట్లేదు

గోదారిగట్టు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు అండి, మొక్క కణాల్ని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ దేంట్లో ఎంతుందో చూడాలి. మూడింటినీ కాస్టిక్ సోడాలో ఉడికించి, వడగట్టి, ఆ నల్లనీళ్లలో సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి పీహెచ్ 2కి దించి, విడిపడిన పొడిని తూచాను. పీచులోనే ఎక్కువ ఉండాలి కదా, నాకు గడ్డి దాదాపు దానికి సమానంగా వచ్చింది. ఏ అంకె రాయాలి? వడపోతకి ఏం వాడుతున్నారు? రాత్రంతా పడుతోంది.

నల్లనీళ్లు: గడ్డిలో సిలికా. కాస్టిక్‌లో అదీ కరుగుతుంది, యాసిడ్ పోయగానే అదీ పడుతుంది. నేను కాగితం మిల్లులో పల్పింగ్ సెక్షన్ చూసినవాణ్ణి, గడ్డి పెట్టిన రోజుల్లో ఇవాపరేటర్ గొట్టాల్లో సిలికా పెంకు కట్టి మా ప్రాణాలు తీసేది. పొడిని మఫిల్ కొలిమిలో కాల్చి బూడిద తూకం తీసేయండి, అయిపోయింది.

పిప్పి_పరిశోధన: ఎలా అయిపోతుంది సార్? బూడిద తీసేసినా ఆ పొడిలో హెమిసెల్యులోజ్ (చక్కెరల గొలుసు), ప్రొటీన్ ఉంటాయి. అసలు కాస్టిక్‌లో ఎంత దిగిందో అదే మొక్కలో ఉన్నదంతా అనుకోవడమే తప్పు. పోల్చాలంటే క్లాసన్ పద్ధతిలో, అంటే మిగతావన్నీ యాసిడ్‌లో కరిగించి లిగ్నిన్‌ని తూచే పద్ధతిలో చెయ్యాలి: ముందు సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో నీళ్లు, ఇథనాల్‌తో కడిగి, 72% సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 30 డిగ్రీల దగ్గర గంట, తర్వాత 4%కి పలచన చేసి ఆటోక్లేవ్‌లో 121 దగ్గర ఇంకో గంట. కరగకుండా మిగిలినదాన్ని తూచి, బూడిద తీసెయ్యాలి.

నల్లనీళ్లు: టన్నులకొద్దీ ఉడికించినవాడికి పాఠం చెప్తున్నారా! మీ క్లాసన్‌లో మాత్రం ప్రొటీన్ కలవదా?

పిప్పి_పరిశోధన: కలుస్తుంది, అందుకే నైట్రోజన్ కొలిచి, దాన్నిబట్టి ప్రొటీన్ లెక్కగట్టి తీసేస్తాం. గడ్డికీ సుబాబుల్‌కీ యాసిడ్‌లో కరిగిపోయిన లిగ్నిన్‌ని యూవీ కాంతిలో కొలిచి కలపాలి కూడా. టన్నులతో ఏం పని, ఇక్కడ అడిగింది కొలత గురించి.

పాడిరైతు: మాకైతే గడ్డిలో లిగ్నిన్ అంటేనే కోపం, గేదెకి అరగనిచ్చేది కాదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మూడు వారాలు గాలి తగలకుండా కప్పి పెడతాం. తర్వాత ఇష్టంగా తింటాయి.

పుట్టగొడుగు_షెడ్: యూరియాతో లిగ్నిన్ పోదు అన్నా, పట్టు సడలుతుంది అంతే. దాన్ని నిజంగా తినేది ముత్యపు చిప్ప పుట్టగొడుగే.

గోదారిగట్టు: సరే, క్లాసన్ కూడా చేస్తాను. వడపోత సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్లనీళ్లు: యాసిడ్ పోశాక 60, 70 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచండి, రేణువులు ముద్దకట్టి నీళ్లు త్వరగా దిగుతాయి. అప్పటికీ దిగకపోతే సెంట్రిఫ్యూజ్.