‘బహిరంగ రహస్యం’ ఆక్సిమొరానా, పారడాక్సా?

బ్రాడీపేట ట్యూషన్: గుంటూరులో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. టెస్టులో ‘బహిరంగ రహస్యం’ ఏ అలంకారమని అడిగితే సగం మంది పారడాక్స్ అని రాశారు. సున్నా వేశాను, ఇళ్ల నుంచి ఒకటే ఫోన్లు. ఒకదానికొకటి పొసగని రెండు పదాలు పక్కపక్కన పెడితే ఆక్సిమొరాన్, అలాంటి విరోధం వాక్యమంతా ఉంటే పారడాక్స్. దీనికింత గొడవెందుకు?

గవర్నర్‌పేట: సున్నా సరే గానీ, మీరు చెప్పిన కారణం నిలవదు మాష్టారూ. షేక్‌స్పియర్ రోమియో ‘సీసపు ఈక, చల్లని నిప్పు, జబ్బు ఆరోగ్యం’ అంటూ వరసపెట్టి చదువుతాడు. ఎన్ని చెప్పినా అవి ఆక్సిమొరాన్లే. అతను దేన్నీ వాదించట్లేదు, ప్రేమకి పేర్లు పెడుతున్నాడంతే. వర్డ్స్‌వర్త్ 1802లో రాసిన ‘బిడ్డే మనిషికి తండ్రి’ అలా కాదు. అది ఒక మాట తేల్చి చెబుతోంది. వినగానే తిరకాసుగా ఉంటుంది. చిన్ననాటి స్వభావమే పెద్దయ్యాక మనిషిని తీర్చిదిద్దుతుందని తట్టాక ఒప్పుకోక తప్పదు. ఒకటి పేరు, ఇంకోటి వాదన. నిడివితో పనిలేదు.

కృష్ణలంక: కృష్ణ ఒడ్డున ఉంటూ వాటర్ క్యాన్ కొనుక్కుంటున్నాం. పారడాక్సేగా?

గవర్నర్‌పేట: అది ఐరనీ అండీ. జరగాల్సింది ఒకటి, జరిగేది ఇంకొకటి. మాటల్లో మెలికేం లేదు.

తెనాలి తెలుగు పంతులు: మనకి విరోధాభాసం ఉందిగా, రెంటినీ అందులో వేసేయండి. పైకి విరోధంలా కనిపించాలి, ఆలోచిస్తే పోవాలి. పోకపోతే అది అలంకారం కాదు, దోషం.

గవర్నర్‌పేట: పంతులుగారూ, ఆ షరతు మాత్రం ఇంగ్లీషు పాఠాల్లోనూ గట్టిగా చెప్పాలి. ‘నేనిప్పుడు చెప్పేది అబద్ధం’ అన్నామనుకోండి. నిజమనుకుంటే అబద్ధమవుతుంది, అబద్ధమనుకుంటే నిజమవుతుంది. తర్కంలో అదీ పారడాక్సే, కానీ ఆ ముడి విడదు. కవికి కావాల్సింది విడిపోయే ముడి. పిల్లలు తికమకపడేది ఇక్కడే. అలాగని రెంటినీ ఒకే గంపలో వేస్తే పేరుకీ వాదనకీ ఉన్న తేడా పోతుంది.

బ్రాడీపేట ట్యూషన్: సరే, ‘వాళ్ల ప్రేమ సంగతి వీధిలో బహిరంగ రహస్యం’ అన్నాననుకోండి. వాక్యమైంది, ఏదో చెబుతోంది కూడా. మీ లెక్కన పారడాక్స్ అయిపోయిందా?

గవర్నర్‌పేట: అవదు. వాక్యం చెప్పేది వీధంతా ఎరుగుదురని, అందులో వింతేముంది? మెలిక ఆ రెండు మాటల మధ్యే ఉండిపోయింది. ‘అందరికీ తెలిసిన సంగతే అన్నిటికన్నా భద్రంగా దాగుతుంది’ అనండి, అప్పుడు పారడాక్స్. తెలిసినవాళ్లెవరూ పైకి అనరు కాబట్టి అది నిజం కూడా.

తెనాలి తెలుగు పంతులు: ఇంత తర్జనభర్జన పడే చోట పిల్లలకి సగం మార్కైనా వేయొచ్చుగా మాష్టారూ.

బ్రాడీపేట ట్యూషన్: వేయను. ఇదంతా రాసి పారడాక్స్ అని ఉంటే వేసేవాణ్ణి. ఒక్కమాట రాసి ఊరుకున్నారు.