అప్‌డేట్: నవ్వు ముఖం లేకుండా దయ చూపించడం

ముఖంలో నవ్వు పెట్టకుండా బొమ్మలో దయ ఎలా తేవాలని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా, ఆ భావాన్ని చేతితోనే చూపించమని మీలో కొందరన్నారు. కుదిరింది. వరద ముద్ర, అంటే వరమిచ్చే చేతి భంగిమ: అరచెయ్యి చూసేవాళ్ల వైపు, వేళ్లు కిందికి. వేళ్లు బిగిస్తే తోసేస్తున్నట్టు ఉంటుంది. చిటికెనవేలు కాస్త వంచాలి.

నేపథ్యానికి కపోతవర్ణం, అంటే పావురం బూడిద. నాట్యశాస్త్రం కరుణ రసానికి చెప్పిన రంగే అది. అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ) సమానంగా కలిపి తెలుపుతో లేత చేస్తే వస్తుంది. నలుపు కలిపితే మసి, అంతే. అక్రిలిక్ ఆరాక ముదురుతుంది కాబట్టి ఒక ఛాయ లేతగానే ఉంచండి.

అరచేతి వెలుగుకి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). నేరుగా బూడిద మీద పలచగా పూస్తే కింది నీలంతో ఆకుపచ్చ జీర వస్తుంది. ముందు అక్కడ తెలుపు వేసి, పూర్తిగా ఆరనిచ్చాకే ఓకర్.

తామర పెట్టమన్నవాళ్లకి: అజంతా 1వ గుహలో పద్మపాణికి (తామర పట్టుకున్న బోధిసత్వుడి బొమ్మ) నప్పింది, ఇక్కడ మాత్రం చేతితో పోటీ పడుతోంది. తీసేశాను.